పాత ట్రాక్టరు కొత్త అప్పు కాకూడదు

ముంగారు వానలు దగ్గరికొచ్చే కొద్దీ బాగేపల్లి, చింతామణి, పరగోడు వైపు ఏ రచ్చకట్ట దగ్గర కూర్చున్నా ట్రాక్టరు మాటే వినిపిస్తుంది. కాడెద్దులు ఉన్న ఇళ్లు ఇప్పుడు ఊరికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాన పడిందంటే ఊరంతా ఒకే రోజు దుక్కికి దిగాల్సిందే. మన ఎర్రనేలల్లో పదును ఎన్నాళ్లో నిలవదు. బాడుగ ట్రాక్టరు మన చేను దాకా వచ్చేలోగా ఆ కాస్త పదునూ ఆరిపోతుంది. శనక్కాయ వేయాల్సిన నేల బీడు పడుతుంది. అందుకే ‘మనదంటూ ఒక బండి ఉంటే’ అనే ఆశ. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతదాని మీద కన్ను పడుతుంది.

ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. సరిగ్గా చూసి కొంటే పాత ట్రాక్టరు చిన్న రైతుకు నిజంగానే ఆసరా. కానీ మనోళ్లు చాలామంది రంగు చూస్తారు, టైర్లు చూస్తారు, బేరం ఆడతారు. చూడాల్సిన రెండింటిని మాత్రం వదిలేస్తారు. ఒకటి కాగితాలు, రెండోది లెక్క.

మొదట కాగితాల సంగతి. మనది సరిహద్దు. చిక్కబళ్లాపురం వైపు పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పోతుంది. ఆ నీళ్ల కోసం పరగోడు దగ్గర రెండు రాష్ట్రాలూ తగువు పడ్డాయి. కొనేటోళ్లకూ అమ్మేటోళ్లకూ మాత్రం ఆ గీత అడ్డం కాదు. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి ఏపీ 02, ఏపీ 03 నంబర్ల పాత ట్రాక్టర్లు ఇటు వస్తూనే ఉంటాయి. ‘అన్నా, బండి తోలుకుపో, కాగితాలు నిదానంగా చూసుకుందాం’ అంటాడు దళారి. ఆ ‘నిదానం’ చాలాసార్లు ఏళ్లు గడిచినా తీరదు.

చట్టం ఏం చెబుతోంది? వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ముందు అమ్మినాయన తన ఆర్‌టీవో ఆఫీసులో ఫారం 28 పెట్టి ఎన్‌వోసీ తెచ్చివ్వాలి. పన్ను బాకీ ఉండకూడదు, పోలీసు కేసు ఉండకూడదు. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఫారం 35 ఉండాలి. కొన్నవాడు 30 రోజుల్లోగా తన ఆర్‌టీవోకు తెలపాలి. ఎన్‌వోసీ అడిగిన 30 రోజుల్లో ఆఫీసు ఇస్తామనో ఇవ్వమనో చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క అని కూడా మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఈ మాట రైతుకు చెప్పేవాళ్లే లేరు.

కాగితాలు మారకపోతే ఏమవుతుంది? రోడ్డు మీద ఎవరికైనా తగిలినప్పుడు తెలుస్తుంది. రిజిస్టరులో పేరున్నాయనే చట్టం ముందు యజమాని అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. బండి పది చేతులు మారినా సరే, పరిహారం కేసులో ముందు ఆయన పేరే వస్తుంది. అమ్మి చేతులు దులుపుకున్న అవతలి రైతు కోర్టు మెట్లెక్కాలి. ఆయన తిరిగి కొన్నవాడి మీద పడతాడు. ఇన్సూరెన్స్ లేకపోతే ఆ పరిహారం ఎవరో ఒకరి పొలం అమ్మితేగానీ తీరదు. అంటే కాగితం ఇద్దరికీ కావాలి, కొన్నాయనకు ఎంతో అమ్మినాయనకూ అంతే.

అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసీ నంబరు బండి మీద ఉన్నవాటితో కలిపి చూడండి. ఫోనులో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నది కనిపిస్తుంది. 15 ఏళ్లు దాటిన బండయితే రిజిస్ట్రేషన్ పొడిగించారా లేదా అడగండి. టేలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, అదీ అడగండి.

ఇక బండి సంగతి. ముందు అది ఏ పని చేసి వచ్చిందో తెలుసుకోవాలి. మెట్టచేలో మడకలు లాగిన బండి వేరు, ఇటుక బట్టీకి మట్టి తోలిన బండి వేరు. క్వారీ రాళ్లు, ఇసుక, నీళ్ల ట్యాంకర్లు లాగిన బండికి క్లచ్చు, గేర్లు, వెనక హౌసింగ్ అరిగిపోయి ఉంటాయి. వరిమళ్ల బురదలో తిరిగినదానికి బేరింగులు, ఆయిల్ సీళ్లు పోయి ఉంటాయి. మీటరులో గంటలు తక్కువున్నాయని మురిసిపోవద్దు, మీటరు మార్చడం పెద్ద విద్య కాదు. పెడల్ రబ్బరు, స్టీరింగు, సీటు ఎంత అరిగాయో చూస్తే మీటరు కంటే అవే నిజం చెబుతాయి.

తెల్లారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మనం పోయేసరికి వేడి చేసి పెట్టారంటే అనుమానించాల్సిందే. స్టార్టు చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిలు కాలుతున్నట్టు. ఆయిలు పోసే మూత తీసినప్పుడు గుప్పుగుప్పున పొగ తన్నితే రింగులు, లైనర్లు పోయినట్టే, ఇంజను దింపాల్సిందే. రేడియేటరు నీళ్ల మీద నూనె తేలుతోందేమో చూడండి. మడకలు లేపి ఇంజను ఆపి అరగంట ఉంచండి. మెల్లగా కిందికి దిగిపోతుంటే హైడ్రాలిక్ పని ఉంది. లోడు మీద గేరు జారుతోందా, పీటీవో తిరుగుతోందా, ముందు చక్రాలు ఊగుతున్నాయా చూడండి. హౌసింగ్ మీద వెల్డింగ్ అతుకులు కనిపిస్తే అక్కడినుంచే వెనక్కి తిరగండి. అమ్మేవాళ్ల మెకానిక్ మాట కాదు, మన మెకానిక్‌ను వెంట తీసుకుపోవాలి. ఆయనకిచ్చే కూలి దండగ కాదు.

ఏ కంపెనీ మంచిది అని అడుగుతారు. మన ఎర్రనేలలకు, మూడు నాలుగు ఎకరాల సేద్యానికి 35 హార్స్‌పవర్ చుట్టుపక్కల బండి చాలు. మహీంద్రా 275, మాస్సీ 1035, స్వరాజ్ 735 లాంటివి పాత బళ్లలో ఎక్కువగా కనిపించేవి. వాటి స్పేర్లు పట్టణంలో దొరుకుతాయి, విప్పడం తెలిసిన చేతులూ ఉన్నాయి. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని టాఫే 2005లో కొన్నది, స్వరాజ్ చేసే పంజాబ్ ట్రాక్టర్స్‌ను మహీంద్రా 2007లో తీసుకున్నది. చేతులు మారినా ఆ పేర్లు నిలిచాయి. బెంగళూరులో పుట్టిన హెచ్‌ఎంటీ సంగతి అలా కాదు. జెటార్ నమూనాతో చేసిన ఆ గట్టి బళ్ల తయారీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. బండి బాగున్నా రేపు ఒక గేరు పగిలితే గుజిరీల వెంట తిరగాల్సి రావచ్చు. ఆ కష్టం ధరలో తగ్గించి అడగాలి.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కలపని ధర 6 లక్షలుండే కొత్త బండి మీద 42 వేలు తగ్గినట్టు. కొత్తది దిగితే పాతదీ దిగాలి కదా? కానీ పాత రేట్లే చెప్పేవాళ్లు ఉంటారు. షోరూములో కొత్తదాని ధర కనుక్కున్నాకే పాతదానికి బేరం పెట్టండి.

అన్నిటికంటే పెద్దది లెక్క. 5 ఎకరాల మెట్టకు దుక్కులు, గుంటక, రోటవేటరు అన్నీ కలిపి ఏడాదికి 40 గంటల పని అనుకుందాం. బాడుగ గంటకు వెయ్యి వేసినా 40 వేలు. అదే 3 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి బండి కొంటే ఏడాదికి వడ్డీయే 72 వేలు. బ్యాంకులో 12 శాతానికి దొరికినా 36 వేలు. డీజిలు, టైర్లు, రిపేరీ, ఇన్సూరెన్స్ ఇంకా రానే లేదు. అప్పు తీర్చాలని బాడుగకు తిప్పితే ఊళ్లో ఇప్పటికే పది బళ్లున్నాయి. కడకు బండి పోతుంది, అప్పు మిగులుతుంది.

కాబట్టి ఒంటరిగా కొనడం కంటే ముగ్గురు నలుగురు అన్నదమ్ములో, పక్క చేల రైతులో కలిసి కొనడం మేలు. ఎవరి వంతు ఎప్పుడు, రిపేరీ ఎవరు పెట్టుకోవాలి, డ్రైవరు ఎవరు అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. నోటి మాట మీద కొన్న బండి వాన పడిన రోజే తగువు తెస్తుంది. కూలీలను టేలర్‌లో ఎక్కించడం మాత్రం ఎవరూ చేయొద్దు. ట్రాక్టరు మీద డ్రైవరుకు తప్ప ఇంకొకరికి సీటు లేదు, వాళ్లకేమైనా అయితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

రైతుకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ప్రభుత్వాలు సబ్సిడీలిచ్చేది కొత్త యంత్రాలకే, పాత బండి కొనే పేద రైతు ఏ పథకంలోనూ కనిపించడు. కర్ణాటకలో 2014లో మొదలైన కృషి యంత్రధారె బాడుగ కేంద్రాలు పదును రోజుల్లో అందేలా ఉంటే సగం మందికి బండి కొనే అవసరమే ఉండదు. హైదరాబాదు రోడ్డు మీదే, అనంతపురం దాటగానే గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. అది కేంద్ర ప్రభుత్వానిది. అక్కడ మన హోబ్లీకి ఇద్దరు కుర్రాళ్లకు శిక్షణ ఇప్పిస్తే పాత బండి చూసిపెట్టే చేతులు ఊళ్లోనే ఉంటాయి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రవాణా అధికారులు వానలకు ముందు నెలకొక రోజు బాగేపల్లిలో కలిసి కూర్చుని ఎన్‌వోసీలు, పేరు మార్పిడులు తేల్చినా చాలు. దీనికి కోట్లు అక్కర్లేదు, మనసుంటే చాలు.

అది జరిగేదాకా రైతే జాగ్రత్త పడాలి. కాగితాలు చేతికి రాకుండా చివరి వెయ్యి ఇవ్వొద్దు. వడ్డీ లెక్క వేయకుండా మొదటి వెయ్యి కూడా ఇవ్వొద్దు.