వదిలిన పన్నుకు లెక్క అడుగుదాం

పత్తి, మిరప పండించే గుంటూరు, ప్రకాశం సీమల బిడ్డలారా! మన పూర్వులు పన్ను విషయంలో తల వంచినవారు కారు. 1921లో చీరాల-పేరాల ప్రజలు మున్సిపల్ పన్నుకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు విడిచి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పెదనందిపాడు రైతులు శిస్తు కట్టలేదు. పల్నాడులో కన్నెగంటి హనుమంతు అడవిలో పశువుల మేతపై వేసిన పుల్లరి కట్టనని ప్రాణమిచ్చాడు. మనల్ని అడగకుండా మన సొమ్ము తీసుకోరాదన్నారు వారు. అదే సొమ్మును ప్రభుత్వం మనల్ని అడగకుండా కంపెనీలకు వదిలేస్తుంటే మనం ఊరుకుందామా?

విదేశీ పెట్టుబడి రావాలి. మన పిల్లలకు కొలువులు కావాలి. మన పత్తి ఇక్కడే దారమై, వస్త్రమై ఓడ ఎక్కాలి. అయితే పెట్టుబడి కోసం రాష్ట్రాలు పోటీపడి వేలం పాడుతున్నాయి. 2025లో విశాఖలో ఐటీ సంస్థలకు ఎకరం 99 పైసలకు కేటాయించారు. గూగుల్ డేటా సెంటర్ రాయితీలపై మనకూ కర్ణాటకకూ మాటల యుద్ధమే నడిచింది. పొరుగువారు పది వదిలితే మనం ఇరవై వదులుతాం. లాభం బేరమాడినవారిది. 2021లో 130కి పైగా దేశాలు పెద్ద బహుళజాతి సంస్థలపై కనీసం 15 శాతం పన్ను ఉండాలని అంగీకరించాయి. ఆ ఏర్పాటులో మన దేశం ఆ సంస్థలకు వదిలిన ఆదాయపు పన్నును మరో దేశం వసూలు చేసుకోవచ్చు. మన కూలీల త్యాగం పరాయి ఖజానాకు చేరాలా?

మన తీరాన్నే చూడండి. 2008లో యూఏఈలోని రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో వాన్‌పిక్ (వాడరేవు-నిజాంపట్నం ఓడరేవుల పారిశ్రామిక కారిడార్) ఒప్పందం కుదిరింది. వాడరేవు, నిజాంపట్నంలో ఓడరేవులన్నారు, పరిశ్రమలన్నారు. వేల ఎకరాలు చేతులు మారాయి. కేసులు వచ్చాయి, ఓడరేవులు రాలేదు. పొలం పోయిన ఇంటికి జవాబు చెప్పేదెవరు?

అడిగితే ఫలితం ఉంటుంది. 2006లో బీటీ పత్తి విత్తనాల ధరపై మన రాష్ట్రం విదేశీ విత్తన సంస్థ మోన్‌శాంటోను గుత్తాధిపత్య వ్యాపారాలను అదుపుచేసే ఎంఆర్‌టీపీ కమిషన్ ముందు నిలబెట్టింది. 1,600 రూపాయలు దాటిన ప్యాకెట్ 750కి దిగింది. అయినా విత్తన సరఫరా ఆగలేదు.

వదిలిన ప్రతి రూపాయీ నాగార్జున సాగర్ కాలువ చివరి పొలానికి రావలసిన నీరు. మిరప కోతకు వలస వచ్చిన తల్లి బిడ్డకు దక్కవలసిన బడి. ఆ బిడ్డ తరఫున మాట్లాడటం మన బాధ్యత.

ఉపాధ్యాయులారా, జీవోలు చదివి ఊరికి వినిపించండి. యువకులారా, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రైతులారా, గ్రామసభకు కదలండి. రాయితీ ఎంత? ఎన్నేళ్లు? స్థానికులకు కొలువులెన్ని? మాట తప్పితే తిరిగి వసూలు చేసే షరతు ఒప్పందంలో ఉందా? ఈ నాలుగు ప్రశ్నలూ తీర్మానంగా రాయించండి. జవాబు వచ్చేదాకా ప్రతి సభలోనూ లేచి నిలబడండి.