రచ్చబండ ఎవరిది?

సోషల్ నెట్‌వర్క్ అనిపించుకోవాలంటే ఒక సైటుకు మూడు లక్షణాలుండాలి. వాడేవారికి తమ పేరున ఒక పుట ఉండాలి. తమకు ఎవరెవరితో పరిచయమో చూపే జాబితా ఉండాలి. ఒకరి జాబితాలోంచి మరొకరి జాబితాలోకి వెళ్ళి చూసే వీలుండాలి. డానా బాయ్డ్, నికోల్ ఎలిసన్ అనే పరిశోధకులు 2007లో ఇచ్చిన ఈ నిర్వచనంలో వీడియోల ఊసు లేదు, లైకుల ఊసు లేదు. అవి తర్వాత చేరిన హంగులు. అసలు సరుకు పరిచయాల జాబితాయే. పాతికేళ్ళుగా సైట్లు రావడం, పోవడం వెనక ఉన్నది ఆ జాబితా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నే.

వెబ్ పుట్టినప్పుడు దానికి యజమాని లేడు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో దాన్ని ప్రతిపాదించాడు. దాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని 1993 ఏప్రిల్ 30న సెర్న్ ప్రకటించింది. అంతకంటే పాతదైన యూజ్‌నెట్ అనే చర్చావేదిక తీరూ అదే. ఒక విశ్వవిద్యాలయపు కంప్యూటర్లో రాసిన సందేశం నకళ్ళుగా మిగతా కంప్యూటర్లకు చేరేది. ఒకచోట యంత్రం ఆగినా చర్చ ఆగేది కాదు. అమెరికాలోని తెలుగువారు 1990లలో అక్కడే తమ గుంపు కట్టుకున్నారు. తెర మీద తెలుగు లిపి కుదరని రోజులవి. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, రోమన్ అక్షరాలతోనే తెలుగు మాటలు రాసుకున్నారు. ఆ తర్వాత యాహూ గ్రూప్స్‌లో ‘రచ్చబండ’ పేరుతో సాహిత్య చర్చలు సాగాయి. లిపి ఇబ్బంది తీర్చిన యూనికోడ్ వాడుకలోకి వచ్చాక, 2000 దశకం మధ్యలో, తెలుగు బ్లాగులు పుంజుకున్నాయి. తెలుగులో టైపు చేయడానికి లేఖిని, కొత్త టపాలన్నిటినీ ఒకచోట చూపడానికి కూడలి వచ్చాయి.

యూజ్‌నెట్‌కూ యాహూకూ మధ్య మారినదేమిటో అప్పట్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. ఊళ్ళో రచ్చబండ ఊరుమ్మడిది. అక్కడ కూర్చోవడానికి ఒకరి అనుమతి అక్కర్లేదు, దాన్ని ఒకరు పెకలించుకుపోలేరు. యాహూలోని రచ్చబండకు మాటలు తెలుగువారివి, నేల కంపెనీది. గ్రూప్స్‌లో పేరుకున్న పాత సందేశాలను తొలగిస్తున్నామని 2019 చివర్లో యాహూ ప్రకటించింది. 2020 డిసెంబరులో ఆ సేవే ముగిసింది.

పైన చెప్పిన మూడు లక్షణాలూ తొలిసారి ఒకచోట చేరింది 1997లో, సిక్స్‌డిగ్రీస్ అనే అమెరికన్ సైటులో. లోకంలో ఏ ఇద్దరినైనా ఆరు పరిచయాలతో కలపవచ్చన్న ఊహ మీద దానికా పేరు పెట్టారు. లక్షల మంది చేరారు కాని, చేరినవారి చుట్టాలూ స్నేహితులూ ఇంకా ఇంటర్నెట్‌లో లేరు. కొన్నేళ్ళకే అది మూతపడింది.

దాని వెనక ఒక చిన్న లెక్క ఉంది. ఐదుగురున్న చోట జతలు 10. వందమంది ఉన్న చోట 4,950. మనుషులు ఇరవై రెట్లయితే మధ్యనున్న దారులు దాదాపు ఐదువందల రెట్లవుతాయి. అందుకే ఖాళీ సైటు ఎంత బాగున్నా పనికిరాదు, నిండిన సైటు ఎంత విసిగించినా వదలబుద్ధి కాదు. నలుగురితో నారాయణ అనే నీతి ఇక్కడ గణితం. కొత్త సైటు గొప్పగా ఉందా లేదా అన్నది ఎవరూ ముందు చూడరు. తనవాళ్ళు అక్కడ ఉన్నారా అన్నదే చూస్తారు.

ఈ లెక్క ఎక్కేటప్పుడు ఎంత వేగంగా పనిచేస్తుందో దిగేటప్పుడూ అంతే వేగంగా పనిచేస్తుంది. 2002లో మొదలైన ఫ్రెండ్‌స్టర్ జనం పెరిగేసరికి నత్తనడక పట్టింది. పుట తెరుచుకునేలోగా విసిగినవారు 2003లో వచ్చిన మైస్పేస్‌కు తరలారు. ఆ మైస్పేస్‌ను 2005లో న్యూస్ కార్ప్ 58 కోట్ల డాలర్లకు కొంది. ఆరేళ్ళ తర్వాత అది సుమారు మూడున్నర కోట్ల డాలర్లకే చేతులు మారింది. సర్వర్లు మార్చే క్రమంలో, 2015కు ముందు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో ఆ సంస్థ ఒప్పుకుంది. వేరే నకలు దాచుకోని గాయకులకు అవి మళ్ళీ దక్కే దారి లేకపోయింది.

భారతదేశానికి ఈ అనుభవం ఆర్కుట్‌తో వచ్చింది. గూగుల్‌లో పనిచేస్తున్న టర్కీ ఇంజనీరు ఆర్కుట్ బుయుక్కోక్టెన్ తయారుచేసిన ఆ సైటు 2004 జనవరిలో మొదలైంది. తొలినాళ్ళలో ఎవరైనా పిలిస్తేనే లోపలికి ప్రవేశం. పుట్టింది అమెరికాలో అయినా పెరిగింది బ్రెజిల్‌లోనూ భారత్‌లోనూ. నెట్ సెంటర్లో గంటకింతని కట్టి కూర్చున్న కాలేజీ కుర్రకారు అక్కడే స్క్రాప్‌లనే సందేశాలు రాసుకున్నారు, ఒకరి గురించి ఒకరు టెస్టిమోనియల్స్ పెట్టుకున్నారు, చదివిన బడికీ అభిమాన హీరోకూ కమ్యూనిటీలు కట్టారు. 2010 నాటికి జనం ఫేస్‌బుక్ వైపు మళ్ళారు. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ ఆగిపోయింది. ఫొటోలు, స్క్రాప్‌లు దించుకోవడానికి గూగుల్ గడువిచ్చింది. కాని ఫైలుగా దించుకున్న స్క్రాప్‌కు జవాబు రాయలేరు. మాటలు మిగిలాయి, మాట్లాడే చోటు పోయింది. అదే సంస్థ 2011లో తెచ్చిన గూగుల్ ప్లస్ కూడా 2019 ఏప్రిల్లో మూతపడింది. డబ్బుకు కొదవలేని కంపెనీ కూడా మనుషుల జాబితాను కొత్తగా పోగుచేయలేకపోయింది.

ఫేస్‌బుక్ నిలదొక్కుకోవడానికి కారణాలు వేరు. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ విద్యార్థుల కోసం మొదలై, ఒక్కో కాలేజీనీ కలుపుకుంటూ, 2006 సెప్టెంబరులో అందరికీ తలుపు తెరిచింది. ఎక్కడికి వెళ్ళినా ముందే కొంత జనం ఉండేలా చూసుకుంది. అదే నెలలో వచ్చిన న్యూస్ ఫీడ్‌తో, స్నేహితుల పుటలకు వెళ్ళి చూసే పని తప్పింది. వారి కబుర్లే ఎదురొచ్చాయి. పోటీదారుగా మారగలదనిపించిన ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సాప్‌ను 2014లో కొనేసింది. జనం వేరే ఊరికి తరలిపోకుండా ఆ ఊళ్ళనే కొన్నదన్నమాట.

తర్వాతి మలుపు టిక్‌టాక్. ఇక్కడ స్నేహితుల జాబితాతోనే పని లేదు. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో చూసి, ముక్కూమొహం తెలియనివారి వీడియోలను ముందు పెడుతుంది. అందువల్ల పట్నంలో ఎవరూ ఎరగని పల్లెటూరి మనిషికి కూడా ఒక్క వీడియోతో లక్షల మంది దొరికే వీలు కలిగింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో చవకైన డేటా ఆ వీలును ఇంటింటికీ చేర్చింది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు ఆ అనుచరగణం ఒక్క రాత్రిలో అందకుండా పోయింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. వీడియోలు ఫోన్లో దాచుకున్నవారికి కూడా చూసేవారి చిరునామాలు మిగల్లేదు. రీల్స్‌లోనూ షార్ట్స్‌లోనూ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది వచ్చిన కూ, తెలుగు సహా పలు భారతీయ భాషల్లో ట్విటర్ లాంటి వేదిక ఇచ్చింది. అదీ 2024 జులైలో ఆగిపోయింది. స్వదేశీ అయినంత మాత్రాన తాళంచెవి జనం చేతికి రాదు.

ఇదంతా సాంకేతికతకు తప్పని ధర్మమేమీ కాదు. జీమెయిల్ నుంచి యాహూ మెయిల్‌కు ఉత్తరం వెళుతుంది. 2016లో వచ్చిన యూపీఐతో ఫోన్‌పే నుంచి గూగుల్ పేకి డబ్బు వెళుతుంది. పంపేవాడిదీ అందుకునేవాడిదీ ఒకే యాప్ అయ్యుండాలన్న షరతు లేదు. 2011 జనవరిలో దేశమంతటా అమల్లోకి వచ్చిన నంబర్ పోర్టబిలిటీతో, టెలిఫోన్ కంపెనీ మారినా పాత నంబరు ఉంటుంది. ఈ మూడింటిలోనూ కంపెనీలకు పైన అందరికీ వర్తించే నియమావళి ఒకటి ఉంది. సామాజిక మాధ్యమాల్లో లేనిది అదే.

ఆ నియమావళి కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో యాక్టివిటీపబ్ అనే ప్రొటోకాల్‌ను ఆమోదించింది. 2016లో మొదలైన మాస్టడాన్ దాన్ని వాడుతుంది. అందులో వేలాది సర్వర్లు వేర్వేరు వ్యక్తుల, సంస్థల చేతుల్లో ఉన్నా, ఒకచోట ఖాతా ఉన్నవారు మరోచోటివారిని అనుసరించవచ్చు. సర్వర్ మారితే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు మాత్రం రావు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తెరుచుకున్న బ్లూస్కై, పోస్టులు కూడా వెంట తీసుకెళ్ళేలా మరో ప్రొటోకాల్‌ను రూపొందించింది. అయితే దాన్ని వాడేవారిలో అత్యధికులు ఇంకా ఆ సంస్థ సర్వర్లలోనే ఉన్నారు. మాస్టడాన్‌లో ముందు సర్వర్ ఎంచుకోవాలనగానే కొత్తవారు వెనకాడతారు. చిన్న సర్వర్ల ఖర్చునూ, దుర్భాషల కాపలానూ చాలాచోట్ల స్వచ్ఛందంగా పనిచేసేవారే మోస్తున్నారు. యూజ్‌నెట్ కాలపు స్వేచ్ఛ తిరిగి వస్తే ఆ కాలపు బరువు కూడా తిరిగి వస్తుంది.

బరువు మోయగల పెద్ద సంస్థలు సాధారణంగా తమంతట తాము తలుపులు తెరవవు. వెళ్ళడం కష్టం కాబట్టే జనం అక్కడ ఉంటున్నారని వాటికి తెలుసు. టెలిఫోన్ కంపెనీలు నంబరును వదిలింది కూడా నియంత్రణ సంస్థ ఆదేశం మీదే. ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్, తన సమాచారాన్ని మరో సేవకు తీసుకెళ్ళే హక్కును పౌరుడికి ఇచ్చింది. భారత్‌లో 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లులో అలాంటి హక్కు ఉంది. 2023లో చట్టమైన రూపంలో లేదు. డబ్బుకూ ఫోన్ నంబరుకూ ఇచ్చిన స్వేచ్ఛను పరిచయాలకు ఇవ్వకపోవడం ఈ చట్టంలోని పెద్ద లోటు. దాన్ని పూడ్చాల్సింది పార్లమెంటు.

అప్పటిదాకా కొత్త సైటును తూచడానికి మూడు ప్రశ్నలు చాలు. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? అక్కడినుంచి వేరే సైటులోని వారితో మాట్లాడవచ్చా? వెళ్ళిపోవాలనుకుంటే రాసినవీ, చదివేవారూ వెంట వస్తారా? ఇప్పుడు జనంతో కిటకిటలాడుతున్న సైట్లలో చాలావాటికి మూడో ప్రశ్నకు జవాబు లేదు. వాటిలో రాసేవారు అసలు ప్రతిని తమ దగ్గర ఉంచుకోవాలి. పాఠకుల ఈమెయిళ్ళో ఫోన్ నంబర్లో వేరుగా దాచుకోవాలి. ఇప్పటికి అందుబాటులో ఉన్న పోర్టబిలిటీ అంతవరకే.