శుభ్రమైన గింజకు వేరే ధర కావాలి



కదిరి ప్రాంతంలో మెట్ట భూమి మీద ముప్పై ఏళ్లుగా చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండిస్తున్న రైతును. మార్కెట్ యార్డుకు కాయ తోలితే కొనేవారు గుప్పెడు తీసి గలగలలాడించి చూస్తారు. నాలుగు కాయలు వలిచి పప్పు ఏ మాత్రం దిగుతుందో, తేమ ఎంతుందో లెక్కగట్టి ధర చెబుతారు. ఆ గింజలో విషం ఉందా లేదా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అది అడగాలి, శుభ్రమైన సరుకుకు క్వింటాలుకు ఇంత అని ఎక్కువ కట్టివ్వాలి. నేను కోరేది ఇదే.

ఆ విషం పేరు అఫ్లటాక్సిన్. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం దాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుకుతూ పోయి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర తేలారు. ఈ విషం మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెస్తుందని ఆ తర్వాత రుజువైంది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. పచ్చటి బూజు కనబడితే ఏరిపారేస్తాం, కానీ పైకి నున్నగా కనబడే గింజలోనూ అది ఉండొచ్చు.

గోదాములో చెమ్మ తగిలితేనే బూజు పడుతుందని చాలామంది అనుకుంటారు. మా నేలల్లో అది చేనులోనే మొదలవుతుంది. కాయ ఊరే చివరి మూడు నాలుగు వారాల్లో వాన మొహం చాటేస్తే భూమి కాగిపోతుంది, చెట్టు వడలిపోయి తనను తాను కాపాడుకోలేదు. చెదలు కొరికిన కాయలోకి, పగిలిన కాయలోకి బూజు సులువుగా దూరుతుంది. తర్వాత మేం చేసే తప్పులూ ఉన్నాయి. పచ్చి కట్టెను వామి వేస్తాం. కాయలు కొట్టే మిషన్లో గింజ పగలకూడదని ముందు నీళ్లు చల్లుతారు. ఆ చెమ్మ బూజుకు కలిసొస్తుంది.

ఇదంతా తెలియక జరుగుతోందా అంటే కాదు. ఊడలు దిగే వేళ జిప్సం వేయడం, పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపి చల్లడం, చెట్టు పీకాక కాయలు ఎండకు పైకి ఉండేలా తిరగేసి పరచడం మాకు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒక ఏడు నేను అవన్నీ చేశాను. కూలీలను పెట్టి పుచ్చిన కాయ, ముడుత కాయ ఏరించాను, గలగలమనేదాకా ఎండబెట్టాను. తేమ పోయి బరువు తగ్గింది, ఏరినదంతా నష్టం. అదే రోజు సరిగా ఎండని కాయ తెచ్చిన రైతుకూ నాకూ యార్డులో ఒకే ధర పలికింది. మరుసటి ఏడు నేను ఏరించలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అమెరికా వారితో కలిసి 2017లో ఒక ఫలితం ప్రకటించారు. శిలీంధ్రాన్ని అడ్డుకునే జన్యువులను పశుగ్రాసపు మొక్కల నుంచి తీసుకొచ్చి వేరుశనగలో పెట్టారు. శిలీంధ్రం లోపలికి చొరబడినా విషం తయారుచేయలేకుండా దాని జన్యువుల నోరు నొక్కేసే ఏర్పాటు వేరే వేరుశనగ మొక్కల్లో చేశారు. గొప్ప పని. అయితే ఈ దేశంలో వాణిజ్య సాగుకు వచ్చిన జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. ఆ విత్తనం మా చేతికి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. విషాన్ని పావుగంటలో పట్టిచ్చే కిట్టును కూడా ఇక్రిశాట్ తయారుచేసింది. కదిరికి కావలసింది ముందు అది.

నేరుగా తినే వేరుశనగలో అఫ్లటాక్సిన్ వంద కోట్ల పాళ్లలో 4 పాళ్లు మించితే ఐరోపా దేశాలు ఒప్పుకోవు. అందుకని ఎగుమతి సరుకుకు పరీక్ష తప్పదు. అక్కడ పనికిరాదని పక్కన పెట్టిన గింజ ఎటు పోతుందో ఆలోచించండి. నూనె మిల్లుకు పోతే విషంలో ఎక్కువ పాలు చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలలోకీ దిగుతుంది.

యార్డులో పరీక్షంటే కష్టమేనని ఒప్పుకుంటాను. విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు, బస్తాలో ఏ కొద్ది గింజల్లోనో దాగి ఉంటుంది. గుప్పెడు తీసి చూస్తే చాలదు, చాలా బస్తాల నుంచి నమూనా తీసి కలిపి నూరాలి. ఖర్చుకు కొనుగోళ్ల మీద వసూలయ్యే సెస్సు ఉంది. పరీక్ష పేరు చెప్పి రైతు ధర కోస్తారన్న భయమూ ఉంది, కాబట్టి మొదట కొన్నేళ్లు మంచి సరుకుకు అదనంగా ఇవ్వడమే తప్ప కోత ఉండకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, బడి పిల్లలకు ఇచ్చే చిక్కీ దగ్గర. అక్కడ డబ్బు కట్టేది ప్రభుత్వమే. ఆ చిక్కీకి వాడే గింజ పరీక్షలో నెగ్గినదై ఉండాలని, దాన్ని పండించిన రైతుకు ఎక్కువ ధర అందాలని టెండరులోనే రాయమనండి. ఈసారి నేను మళ్లీ కూలీలను పెట్టి ఏరిస్తాను.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా