ఈసీలో కనిపించని కరెంటు బాకీ

ఇల్లో, ఫ్యాక్టరీనో కొనేవారు లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు, లాయరు అభిప్రాయం అడుగుతారు. ఇంత చేసినా పాత యజమాని ఎగ్గొట్టిన కరెంటు బిల్లు బయటపడదు. ఈసీలోకి ఎక్కేవి రిజిస్టరైన లావాదేవీలే. ఆ బాకీతో నాకేం సంబంధమని కొనుగోలుదారు వాదించే దారీ ఇరుకైపోయింది. 1995లో ఇషా మార్బుల్స్ కేసులో సుప్రీంకోర్టు కొనుగోలుదారు పక్షాన నిలిచింది. 2020లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కేసులో మాత్రం, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతుపై బ్యాంకు వేలంలో ఆస్తి కొన్న సంస్థే పాత బకాయి భరించాలంది. సరఫరా నిబంధనల్లోని 8.4 క్లాజు ప్రకారం బకాయి తీరేదాకా డిస్కం కొత్త కనెక్షన్ నిరాకరించవచ్చు. 2023 మే 19న కె.సి. నైనన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇలాంటి నిబంధనలు చెల్లుతాయని తేల్చింది.

ఎవరో వాడుకున్న కరెంటుకు ఇంకెవరో కట్టడం అన్యాయం కాదా? ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా అమ్మకం తేదీ దాకా ప్రభుత్వ బకాయిలు తీర్చే బాధ్యత అమ్మేవారిదేనంటోంది. అయినా డిస్కంల భయం అబద్ధం కాదు. లక్షల్లో బాకీపడి, ఫ్యాక్టరీని బంధువు పేరిట మార్చేస్తే, ఆ నష్టం చివరికి నెలనెలా బిల్లు కట్టేవారి చార్జీల్లోకే చేరుతుంది. అందుకే తీర్పును తప్పుపట్టలేను. తప్పల్లా బకాయిని దాచి ఉంచడంలోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డిస్కంలు ప్రభుత్వానివే, స్టాంపు డ్యూటీ తీసుకునేదీ ప్రభుత్వమే. ఒక కౌంటర్లో సొమ్ము కట్టించుకుని, పక్క కౌంటర్లోని బాకీ సంగతి చెప్పకపోవడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

సబ్ రిజిస్ట్రార్ వసూళ్ల అధికారి కాదని, రిజిస్ట్రేషన్లు ఆగిపోతాయని అభ్యంతరం రావచ్చు. రిజిస్ట్రేషన్ ఆపనక్కర్లేదు; కరెంటు, నీటి బకాయిలను ఈసీతోపాటు చూపిస్తే చాలు, వివాదంలో ఉన్న బిల్లయితే ఆ మాటా రాయాలి. వెతికే వీలు సర్వీసు నంబరుతో కాక ఇంటి నంబరుతో ఉండాలి. ఎందుకంటే, మీటరు తీసేసి రద్దు చేసిన సర్వీసుల మీదే పాత బాకీలు పేరుకుంటాయి, ఆ సర్వీసు నంబరు కొనేవారి చేతికి రాదు. మామూలు అమ్మకంలో నో డ్యూస్ పత్రం వచ్చేదాకా ధరలో కొంత ఆపుకోవచ్చు. వేలంలో ఆ వీలుండదు గనుక, డిస్కం నుంచి అంకె తెప్పించి ప్రకటనలోనే వేసే బాధ్యత బ్యాంకుపై పెట్టాలి.