గుమ్మడికాయ కట్టని షాపు

మా యూనివర్సిటీ గేటు ఎదురుగా రోడ్డు దాటితే వరసగా పన్నెండు మడిగెలున్నాయి. టిఫిన్ సెంటర్, మందుల షాపు, మొబైల్ రిపేరు, జిరాక్స్. పదకొండు మడిగెల ముందు పసుపు కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయ వేలాడుతూ ఉంటుంది. పన్నెండోది జిరాక్స్ షాపు. మా దగ్గరే ఎం.ఏ. చదివి, ఉద్యోగం రాక, అప్పు చేసి రెండు మెషిన్లు కొనుక్కున్న దళిత యువకుడు దాన్ని నడుపుతున్నాడు. గల్లాపెట్టె వెనక గోడకు బాబాసాహెబ్ పటం ఉంటుంది. పోయిన ఏడాది అతను షాపు బయట ఒక చిన్న బోర్డు పెట్టాడు: "ఈ షాపుకు ముహూర్తం పెట్టలేదు. గుమ్మడికాయ కట్టలేదు. అయినా మెషిన్ నడుస్తోంది."

విద్యార్థులు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. నేనూ చదివి నవ్వుకున్నాను. తర్వాత లోపలికి వెళ్ళి పెద్దమనిషి తరహాలో ఒక సలహా ఇచ్చాను. "తమ్ముడూ, నీ మాట నాకు నచ్చింది. కానీ వ్యాపారం దగ్గర ఇవన్నీ ఎందుకు?"

అతను మెషిన్‌లో కాగితాలు సర్దుతూనే జవాబిచ్చాడు. "సార్, పక్క మడిగెలో షట్టర్ ఎత్తగానే దేవుడి పాటలు పెడతారు. గల్లా మీద అగరొత్తులు వెలిగిస్తారు. వినాయక చవితి చందా పుస్తకం తిన్నగా నా టేబుల్ మీదికే వస్తుంది. వ్యాపారం దగ్గర ఇవన్నీ ఎందుకని వాళ్ళనెప్పుడైనా అడిగారా?"

అడగలేదు. ఇరవై ఏళ్ళుగా అదే రోడ్డు మీద టీ తాగుతున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు. సామాజిక శాస్త్రం పాఠం చెప్పే నాకు పదకొండు గుమ్మడికాయలు కనిపించలేదు, ఒక్క బోర్డు మాత్రం కనిపించింది. ఈ సంపాదకీయం రాయడానికి కారణం ఆ సిగ్గే.

మూడు వారాల తర్వాత నలుగురు వచ్చి మనోభావాలు దెబ్బతిన్నాయని గట్టిగా మాట్లాడి వెళ్ళారు. ఆ సాయంత్రమే బిల్డింగ్ ఓనరు వచ్చి, బోర్డు తీస్తావా, మడిగె ఖాళీ చేస్తావా అన్నాడు. బోర్డు దిగిపోయింది.

వ్యాపారం మతం గురించి మాట్లాడకూడదు అనేవాళ్ళు ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మన దేశంలో వ్యాపారం మతం గురించి మాట్లాడని రోజంటూ లేదు. షాపు పేరులో దేవుడుంటాడు, బిల్లు పుస్తకం పైన 'శ్రీ' ఉంటుంది. దసరాకు బస్సుకీ కంప్యూటర్‌కీ ఆయుధపూజ జరుగుతుంది. ఇవి ఆ యజమాని అభిప్రాయాలే. రోజూ కస్టమర్ ఎదుట బాహాటంగా ప్రకటిస్తున్న అభిప్రాయాలు. కానీ అవి మెజారిటీవి కాబట్టి వాటికి 'ఆచారం' అని పేరు. దాన్ని ఒప్పుకోనివాడి మాటకు మాత్రం 'రెచ్చగొట్టడం' అని పేరు.

ఇందులో మతం ఒక్కటే లేదు, కులం కూడా ఉంది. 'బ్రాహ్మణ భోజనం' అని రాసిన మెస్సు తన వంట శుభ్రత గురించే చెబుతున్నానంటుంది. కానీ శుభ్రత ఒక కులం సొత్తు అని ఆ బోర్డు ప్రతి కస్టమర్‌కూ చెబుతుంది. మాంసం తినేవారికి ఇల్లు అద్దెకివ్వం అనే మాట టు-లెట్ బోర్డు మీద ఉన్నా, ఫోన్లో చెప్పినా, దాని అర్థం మన విద్యార్థులకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పల్లెల్లో టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఏ బోర్డూ లేకుండానే అదే మాట చెప్పింది.

ఈ బోర్డుల మీద పోరాటానికి మన దగ్గర చరిత్ర ఉంది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లోని మురళీ కేఫ్ బోర్డు మీద 'బ్రాహ్మణ' పదం ఉండటాన్ని పెరియార్ నాయకత్వంలోని ద్రావిడ కళగం సవాలు చేసింది. కార్యకర్తలు రోజు విడిచి రోజు కాకుండా వరసగా వెళ్ళి పికెటింగ్ చేశారు, వందల మంది అరెస్టయ్యారు. చివరకు యజమాని ఆ పేరు మార్చుకున్నాడు. ఒక్క పదం కోసం అంత గొడవా అని అప్పుడూ అడిగినవాళ్ళున్నారు. ఆ పదం కాఫీ ధర చెప్పలేదు, కస్టమర్ల అంతస్తు చెప్పింది. అందుకే ఆ గొడవ.

ఇక పెద్ద కంపెనీల సంగతి. 2019 జులైలో జబల్‌పూర్‌లో ఒక కస్టమర్, డెలివరీకి వచ్చే మనిషి హిందువు కాదని తన ఆర్డర్ రద్దు చేసుకున్నాడు. ఆహారానికి మతం లేదు, ఆహారమే ఒక మతం అని జొమాటో బహిరంగంగా జవాబిచ్చింది. విలువలకు అడ్డొచ్చే వ్యాపారం పోతే బాధపడం అని ఆ సంస్థ అధిపతి దీపిందర్ గోయల్ అన్నాడు. చాలామందితో పాటు నేనూ మెచ్చుకున్నాను. 2024 మార్చిలో అదే కంపెనీ శాకాహారుల కోసం 'ప్యూర్ వెజ్' డెలివరీ దళాన్ని, దానికి వేరే ఆకుపచ్చ యూనిఫాంనూ ప్రకటించింది. ఎర్ర చొక్కా వేసుకున్న డెలివరీ కార్మికుణ్ణి అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే ఆపేస్తారన్న విమర్శ వచ్చాక, మర్నాడే ఆకుపచ్చ యూనిఫాం వెనక్కి తీసుకుంది. ప్రత్యేక దళం ఆలోచనను మాత్రం వదులుకోలేదు.

2020 అక్టోబరులో తనిష్క్, ముస్లిం కుటుంబంలో హిందూ కోడలి సీమంతం చూపించిన ప్రకటనను ఉపసంహరించుకుంది. తన ఉద్యోగుల, షాపు సిబ్బంది క్షేమం కోసమని చెప్పింది. 2021 అక్టోబరులో ఫ్యాబ్ఇండియా 'జష్న్-ఎ-రివాజ్' అనే ఉర్దూ పేరు పెట్టినందుకే ఆ ప్రచారాన్ని తీసేయాల్సి వచ్చింది. గమనించండి, ఈ ప్రకటనల్లో ఏ దేవుడి మీదా ఒక్క వెటకారపు మాట లేదు. ఒకదానిలో ప్రేమ ఉంది, ఇంకొకదానిలో ఒక భాష ఉంది. అవే భరించలేనివైతే, గుమ్మడికాయ మీద జోకుకు ఎక్కడ చోటుంటుంది?

ఈ ఉదాహరణలు నాకు నేర్పిన పాఠం ఒకటుంది. కార్పొరేట్ కంపెనీ ధైర్యం దాని అమ్మకాల లెక్కకు లోబడే ఉంటుంది. లెక్క కుదిరినంతకాలం అది సెక్యులర్‌గా మాట్లాడుతుంది, కుదరనప్పుడు ప్రకటన తీసేసి ఇంకొకటి వేసుకుంటుంది. దానికి పోయేదేమీ లేదు. ఆ కంపెనీ మాటకు ఎండలో గేటు దగ్గర జవాబు చెప్పాల్సింది డెలివరీ కార్మికుడు. జిరాక్స్ షాపు యువకుడికి అలాంటి వెసులుబాటు లేదు. మాట అతనిదే, మెషిన్ మీద అప్పు అతనిదే, దెబ్బ పడితే వీపూ అతనిదే.

సరిహద్దు అవతల ఈ మూల్యం ఎంతదాకా పోయిందో కూడా చూశాం. 2021 డిసెంబరు 3న పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో, ఫ్యాక్టరీ మేనేజరుగా పనిచేస్తున్న శ్రీలంక జాతీయుడు ప్రియాంత కుమారను మూక కొట్టి చంపి, శవాన్ని తగలబెట్టింది. మతపరమైన రాతలున్న పోస్టర్లను ఫ్యాక్టరీలో తొలగించాడన్నది ఆరోపణ. ఆయన ఏ మతాన్నీ వెక్కిరించలేదు. గోడ మీద కాగితం తీయడం కూడా దైవదూషణే అని తేల్చే అధికారం గుంపుకు దక్కితే జరిగేది అదే. ఈ ఉదాహరణను ముస్లింల మీద రాయిగా వాడుకోవాలని చూసేవాళ్ళు, మన వీధిలోని గుంపుల ముఖం కూడా ఒకసారి అద్దంలో చూసుకోవాలి.

చట్టం ఏమంటోంది? మతభావాలను అవమానించడాన్ని నేరం చేసిన 295ఎ సెక్షన్‌ను వలస ప్రభుత్వం 1927లో చేర్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని అంటూనే ఒక గీత గీసింది. ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో చేసిన తీవ్రమైన అవమానమే శిక్షార్హం, అనాలోచితంగా అన్న ప్రతి మాటా కాదు. ముహూర్తం లేకుండానే నా మెషిన్ నడుస్తోంది అనడంలో ద్వేషబుద్ధి ఎక్కడుంది? శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణ చెబుతోంది. ఆ యువకుడు చేసింది ఆ విధినే మూడు వాక్యాల్లో పాటించడం.

అయితే ఇక్కడ మనవైపు నుంచి కూడా ఒక గీత గీయాలి. షాపు యజమానికి అభిప్రాయం చెప్పే హక్కుంది. ఆ అభిప్రాయాన్ని గుమ్మం దగ్గర కాపలా పెట్టే హక్కు లేదు. షాపులు, హోటళ్ళలో ప్రవేశానికి మతం, కులం, జాతి, లింగం, జన్మస్థలం అడ్డు కాకూడదని 15(2) అధికరణ చెబుతోంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ దీన్ని వివరిస్తూ, 'షాపు' అన్న మాటకు లోపలికి అడుగుపెట్టనివ్వడం అనే ఇరుకైన అర్థం చాలదన్నారు. సేవ కోరి వచ్చిన ఎవరికైనా సేవ అందించాల్సిన చోటు అనే విశాలార్థంలో దాన్ని తీసుకోవాలన్నారు.

ఆ మాట ఆయనకు పుస్తకాల్లోంచి రాలేదు. 1917లో కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివి బరోడా ఉద్యోగానికి వచ్చిన అంబేడ్కర్‌కు ఏ హోటల్లోనూ గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకున్నారు. కొన్నాళ్ళకు కర్రలు పట్టుకున్న పార్సీలు వచ్చి వెళ్ళగొట్టారు. ఆ సత్రానికి కూడా మతం గురించి ఒక అభిప్రాయం ఉంది. తేడా ఏమిటంటే, ఆ అభిప్రాయం గోడ మీద రాతగా ఆగలేదు, ఒక మనిషిని వీధిలోకి నెట్టింది.

అందుకే నేను రెండు ప్రశ్నలతో కొలుస్తాను. ఆ మాట నమ్మకాన్ని గురి పెట్టిందా, ఎదుట నిలబడ్డ మనిషిని గురి పెట్టిందా? ఆ మాట అన్న తర్వాత కూడా ఆ మనిషికి అందరితో సమానంగా సేవ అందుతోందా? జిరాక్స్ షాపులో అయ్యప్ప మాల వేసుకున్న విద్యార్థికీ, హిజాబ్ వేసుకున్న అమ్మాయికీ, మెడలో సిలువ ఉన్న మా అటెండర్‌కూ పేజీకి ఒకటే రేటు. బోర్డు చదివి నొచ్చుకున్న పూజారి గారి అబ్బాయి కూడా తన ప్రాజెక్టు రిపోర్టు అక్కడే బైండింగ్ చేయించుకున్నాడు. అదే షాపులో హిజాబ్ మీద వెటకారం ఉండి ఉంటే నేనే ముందు అభ్యంతరం చెప్పేవాణ్ణి. గుంపు ఎవరి వెంట పడుతోందో వాళ్ళ మీదే జోకు వేయడం ధిక్కారం అనిపించుకోదు, అది గుంపులో చేరడం.

ఇదే కొలతను రాజ్యానికీ పెట్టాలి. 2024 జులైలో కావడి యాత్ర దారిలో తినుబండారాల షాపుల యజమానులు తమ పేర్లు ప్రదర్శించాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో ఆదేశాలు వచ్చాయి. జులై 22న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది. ఏ ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు, యజమాని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు అంది. ఒకచోట షాపువాడి మతాన్ని బలవంతంగా గోడకెక్కిస్తారు. ఇంకోచోట షాపువాడు ఇష్టపడి రాసుకున్న అవిశ్వాసాన్ని బలవంతంగా దింపేస్తారు. రెండిటిలోనూ నిర్ణయించేది షాపువాడు కాదు, దారిన పోయే ఆధిపత్యం.

విద్యార్థులకూ తోటి అధ్యాపకులకూ నాదొక మాట. మనం సెమినార్లలో ధిక్కారం గురించి పేపర్లు చదువుతాం. ఆ పేపర్లు జిరాక్స్ తీసేవాడు ధిక్కారం చూపిస్తే 'వ్యాపారం చూసుకో' అంటాం. ఇవాళ ఆ యువకుడికి కావాల్సింది మన చప్పట్లు కాదు. ఆ నలుగురు వచ్చినప్పుడు పక్కన నిలబడే పది మంది కావాలి. ఓనరుతో మాట్లాడే ఒక అధ్యాపక సంఘం కావాలి. ఫిర్యాదు అందగానే షాపువాణ్ణి స్టేషన్‌కు పిలిపించే ముందు, 1957 నాటి తీర్పును చదివే ఒక ఎస్సై కావాలి. ఇవేవీ గొప్ప కోరికలు కావు.

పోయిన వారం సెమిస్టరు నోట్సు తీయించడానికి వెళ్ళాను. బోర్డు ఉన్నచోట గోడకు రెండు మేకుల గుర్తులు మిగిలాయి. వచ్చే ఏడాది అగ్రిమెంటు రాయాలంటే అందరిలాగే గుమ్మడికాయ కట్టమని ఓనరు అడిగాడట. "ఏం చెప్పావు?" అన్నాను. "బోర్డు తీసేశాను సార్, ఇది మాత్రం కట్టను" అన్నాడు. మెషిన్ నడుస్తూనే ఉంది. అగ్రిమెంటు గడువు మార్చి నెలాఖరు. ఓనరు దగ్గరికి ఈసారి నేనూ వెళ్తున్నాను.