ఫోరెన్సిక్ విద్య – మన యువతకు మూడవ మార్గము

బి.యస్సీ. ముగించిన మన విద్యార్థికి ఉపాధ్యాయ వృత్తి, బ్యాంకు పరీక్ష తప్ప మూడవ మార్గము తోచుట అరుదు. ఫోరెన్సిక్ సైన్సు ఆ మూడవ మార్గము కాగలదని మా అభిప్రాయము.

కక్షలతో నలిగిన మన సీమలో భయముచేతనో, ప్రలోభముచేతనో సాక్షి కోర్టులో మాట మార్చుట ఎరుగనివారెవరు? రక్తపు మరకకు భయము లేదు; వేలిముద్రకు పక్షపాతము లేదు. అయితే వానిని చెడకుండ సేకరించి, నిజాయితీతో చదువగల చేతులు కావలెను. లేనిచో దోషి తప్పించుకొనును, నిర్దోషి చిక్కుకొనును. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు లేక అంతకు మించి శిక్షపడదగు నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలమునకు వెళ్లవలెనని విధించినది. ఏర్పాట్లకై రాష్ట్రములకు ఐదేండ్ల గడువునిచ్చినది. అంతమంది నిపుణులు ఎచ్చటినుండి రావలెను?

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసిన కాలమున, ముద్రలను 1024 అరలుగా విభజించు గణితసూత్రమును కూర్చినవాడు ఖాజీ అజీజుల్ హక్. పేరు మాత్రము పై అధికారి హెన్రీకి దక్కినది.

రసాయన, జీవ, భౌతిక శాస్త్రముల పట్టభద్రులకు గాంధీనగర్‌లో 2020లో ఏర్పడిన జాతీయ విశ్వవిద్యాలయమున ఎం.యస్సీ. కోర్సులున్నవి. హైదరాబాదు కేంద్ర ప్రయోగశాల వంటివి కొలువులకు నెలవులు. ప్రభుత్వము ఖాళీలను వెంటనే నింపవలెను. మన కళాశాలలు పరిచయ తరగతులైనను ప్రారంభించవలెను. సత్యమునకు సాక్ష్యము పలుకుట కంటె గొప్ప ఉద్యోగమేమున్నది?