ఇంటి వెచ్చములు

నెల యిరువదవ తేదీ దాటినది మొదలు మన పట్టణములలో జీతగాండ్ర యిండ్లయందు పొదుపు ప్రారంభమగుచున్నది. మొదట తగ్గునది పాలు; పిదప పప్పు. ఇల్లాలు తన వంతు మానుకొని బిడ్డలకు పోయును. దీనిని మనము మితవ్యయమని మెచ్చుకొనుచున్నాము. ఇది మితవ్యయము కాదు, అర్ధాకలి. నెల మొదటివారమున గృహస్థుడు చీటీ చేతబట్టి యంగడికేగి, ధర చూచి తూనిక చూడక తెచ్చిన పొట్లములలో నెంత ధనము కారిపోయినదో యెవ్వరును లెక్కింపరు.

పది రూపాయల పొట్లము పది రూపాయలకే నిలిచియుండును. లోని సరకు మాత్రము సన్నగిల్లును. ధర పెంచినచో కొనువాడు కేకలు వేయును. కొన్ని గ్రాములు తగ్గించిన మాటాడడు. బిస్కత్తులు, టీపొడి, సబ్బు మొదలైనవానిని నియమిత తూనికలలోనే కట్టవలెనను నిబంధన పూర్వ ముండెడిది. 2022లో అది తొలగినది. దానికి మారుగా గ్రామునకో కిలోకో వెల యెంత పడునో పొట్లముపై ముద్రింపవలెనను నియమము వచ్చినది. ఆ యంకె చిన్న యక్షరములలో నుండును. కంటియద్దములు సవరించుకొని చూచువారెందరు? పెద్దది కొన్నచో చౌక యను నమ్మకము సయితము అన్నివేళల నిజము కాదు. షాంపూవంటి వస్తువులలో చిన్న పొట్లములే సీసాకంటె తక్కువ వెలకు పడుట కలదు. ఇక గరిష్ఠ చిల్లర ధర యనునది పైహద్దేగాని శాసనము కాదు. న్యాయస్థానములలో అక్షరమక్షరమునకు వాదించు మా వృత్తివారు గూడ అంగడిలో దానిని శిరసావహించుచున్నారు!

2022 జూలైలో, కట్టి చీటీ యంటించిన బియ్యము, పప్పు, పిండి మీద 5 శాతము పన్ను విధించినపుడు, విడిగా తూచి యిచ్చు సరకును, 25 కిలోలకు మించిన బస్తాను మినహాయించిరి. వెంటనే 26 కిలోల బియ్యపు బస్తాలు వెలసినవి. వర్తకుడు చట్టమును చదివెను, మనము చదువలేదు. చిన్న కాపురమునకు బస్తా యెక్కువయైనచో ఇరుగుపొరుగువారు కలసి కొని పంచుకొనరాదా?

మాఘ ఫాల్గుణములలో కొత్త కందులు, చింతపండు, మిరపకాయలు సంతకు దిగును. మన తాతల యిండ్లలో ఏటికి సరిపడు చింతపండు గింజతీసి జాడీకెత్తెడివారు. కందులు తిరుగట విసరి పప్పు చేసెడివారు. గుంటూరు మిరప యెండబెట్టి కారము దంపించెడివారు. నేడా చింతపండునే శ్రావణమున పావుకిలో చొప్పున కొనుచున్నాము. ఒక్కసారిగా అంత రొక్కము జీతగాని కెక్కడిదందురా? ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయజాలము. అంగడి ఖాతాలో నెలనెలకు బాకీ మిగుల్చుకొను కుటుంబమునకు మరియొక యంగడికి పోవు స్వేచ్ఛయే లేదు. వర్తకుడు చెప్పినదే వెల, తూచినదే తూనిక. అట్టివారు జాడీ మాట తరువాత తలంపవచ్చును. ముందు ఒక పండుగకు కొత్తబట్టలు మానియైనను ఆ పద్దు కొట్టివేయించుకొనవలెను.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున నెలకొల్పిన రైతు బజారులలో కూరగాయల ధరలు ఏనాటికానాడు నిర్ణయించి పలకపై వ్రాయుదురు. తోపుడుబండివానియొద్ద కొనువారైనను ఆ పలక చూచినచో తెలిసి బేరమాడుదురు. పఠనమందిరముల కార్యదర్శులకు మా విన్నపమొకటి: వార్తాపత్రికల బల్లప్రక్కన నొక నల్లపలక వ్రేలాడగట్టి, ఆ ధరలతోబాటు పట్టణమున రెండుమూడంగళ్లలో కందిపప్పు, బియ్యము, నూనె కిలో యెంతకు దొరకుచున్నవో వారమున కొకమారు వ్రాయింపుడు. సుద్దముక్క వెల తప్ప వ్యయము లేదు. చదువరులు దానిని చీటీపై నెక్కించుకొని యింట నిచ్చినచో, వచ్చు నెల యెక్కడ నేమి కొనవలెనో ఇల్లాండ్రే నిర్ణయింతురు.